ఇంటివద్ద కారు కడుగుట - కడుగు సామాను కాపాడుకొనుట

మన సంఘ సభ్యుల యిండ్ల ముంగిట పూర్వము ఎడ్లబండి నిలుచుచుండెడిది. పిమ్మట ట్రాక్టరు వచ్చినది. ఇప్పుడు పెక్కు ఇండ్లలో కారు కూడ నిలుచుచున్నది. కొందరు క్రొత్తది కొనిరి, కొందరు పట్టణములో ఒకరు వాడి విడిచినదానిని కొనిరి. ఎట్లు కొన్నను అది రైతునకు చిన్న సొత్తు కాదు. అప్పు తీరుటకు అయిదేండ్లో ఏడేండ్లో పట్టును. ఆ లోపలనే పైరంగు వెలసి, తలుపుల యడుగున తుప్పు పట్టినచో, అమ్మబోవునప్పుడు కొనువాడు మొదట వ్రేలుపెట్టి చూపునది దానినే. ఇంజను ఎంత చక్కగా నడచుచున్నదని మనము చెప్పినను వాని చెవికెక్కదు.

మేము ప్రదర్శనములకై గ్రామములు తిరుగునప్పుడు కార్లు కడుగు తీరును గమనించుచున్నాము. చాలమంది గేదెను కడిగినట్లే కారును కడుగుచున్నారు. గేదె చెరువులోనికి దిగును. పైన నీళ్లు చల్లి, గడ్డిచుట్ట తీసికొని వీపు పొడుగునను రుద్దుదురు. గేదెకు అది హాయి. గీచుకొన్న చర్మము మరల మానును. కారు రేకు మీది పూత మానదు. ఇంక కొందరు నీరైనను పోయక, ప్రొద్దున్నే పాత పంచెముక్క నొకదానిని పట్టుకొని, ఎండిన దుమ్ము మీదనే నాలుగు విసురులు విసరి, తళతళలాడుచున్నదని తృప్తిపడి పోవుచున్నారు. కారును ఎక్కువగా చెఱచునది ఈ ప్రాతఃకాల సేవయే. దుమ్ము తనంత తాను రంగును గీయదు. గుడ్డతో ఒత్తి లాగినప్పుడు గీయును. వారము దినములు దుమ్ముతో నిలిచిన కారుకంటె, వారము దినములు పొడిగుడ్డతో తుడువబడిన కారే ఎక్కువ పాడగును.

ఇది యెట్లు జరుగునో తెలియుటకు ఆ పూత యెంత మందమో తెలియవలెను. కారు రేకు మీద మొదట తుప్పు పట్టకుండుటకు ఒక పూత, దానిపై ప్రైమరు, దానిపై రంగు, అన్నిటిపైన రంగులేని వార్నీషువంటి పూత యొకటి యుండును. ఈ కడపటి దానిని క్లియరుకోటు అందురు. మెఱుపంతయు దీనిదే. ఇది సామాన్యముగా 40 మొదలు 50 మైక్రానుల మందము మాత్రమే యుండును. మైక్రాను అనగా మిల్లీమీటరులో వేయవవంతు. మనము వ్రాసికొను కాగితము సుమారు 100 మైక్రానులుండును. కాబట్టి మన సొత్తును ఎండకును వానకును కాపాడుచున్న కవచము కాగితపు మందములో సగమని తలంపవలెను. ఇసుకరేణువు గాజునే గీయగల గట్టిది. ఇక ఈ పూత దానికొక లెక్కయా? ఎండలో కారును నిలిపి ప్రక్కవాటుగా చూడుడు. సాలెగూటివలె సన్నని గీతలు కనబడును. నల్లకారు మీద ఎక్కువగా కనబడును. తెల్లకారు మీద కనబడవు గాని లేకపోలేదు.

మా మాట నమ్మనివారు ఒక పరీక్ష చేయవచ్చును. కారు తుడిచిన గుడ్డను ఒక చెంబెడు తేటనీళ్లలో జాడించి, ఆ నీటిని గాజుగ్లాసులో పోసి, పావుగంట సేపు కదల్పక యుంచుడు. అడుగున దిగిన ఒండ్రును తీసి వ్రేళ్లమధ్య నలుపుడు. నల్లరేగడి యూళ్లలో అది కొంత మెత్తగా నుండును. చెలకనేలల యూళ్లలోను, మొరము బాటల ప్రక్కను గరగరలాడును. ఆ గరగర కారుమీద ఎంత దూరము నడచినదో యోచింపుడు. గ్లాసు చూచిన పిమ్మట పొడిగుడ్డను వెంటనే పాఱవేసిన రైతులను మే మెఱుగుదుము. "దుమ్ము దులుపుకొనుట కూడ తప్పేనా?" అని ఒక పెద్ద మమ్ము అడిగెను. దులుపుకొనవచ్చును; నీళ్లతో దులుపుకొనవలెను.

ఇక కడుగుటకు చోటును, వేళయు. ఎండలో కడుగరాదు. దూరమునుండి వచ్చిన వెంటనే బానెట్టు వేడిగా నున్నప్పుడును కడుగరాదు. వేడిరేకు మీద సబ్బునీరు కడిగి పోయకమునుపే ఆఱిపోయి మచ్చ కట్టును. ఉదయము ఏడుగంటలలోపుగాని, ప్రొద్దు వాలిన పిమ్మటగాని మంచిది. నీడయన్నంతనే ఏ చెట్టు నీడ యైనను పనికివచ్చునని యనుకొనరాదు. పక్షులు వ్రాలెడు చెట్టు క్రింద కడిగిన కారు ఆ సాయంకాలమునకే మఱల కడుగవలసివచ్చును. మామిడి పూతకాలమందు తోటలో కారు నిలుపువారు ఒక సంగతి గుర్తుంచుకొనవలెను. పూతను పట్టు తేనెమంచు పురుగు జిగురు నీటిని విసర్జించును. అది ఆకుల మీదనే కాక క్రింద నిలిచిన కారు మీదను పడి, దానిపై దుమ్ము అంటుకొని, కొన్నాళ్లకు మసి కూడ పట్టును. ఆ జిగురును గోటితో గీకరాదు. గోరువెచ్చని సబ్బునీటిలో తడిపిన గుడ్డను దానిమీద పఱచి, నానిన పిమ్మట తీసివేయవలెను. పక్షిరెట్టకును ఇదియే వైద్యము, గాని జాగు చేయరాదు. రెట్టలోని యూరికామ్లము ఎండకు కాగి, పూతను తినివేయును. రెండుమూడు దినములు విడిచిన యెడల కడిగినను మచ్చ పోదు.

నీటి మాట. మన బోరునీటిలో పెక్కింటియందు సున్నము కలిసియుండును. సబ్బు నురుగకుండుటయు, నీళ్లు కాచు గిన్నెయడుగున తెల్లని పెచ్చు కట్టుటయు దీనికి గుర్తులు. అట్టి నీరు కారుమీద ఆఱినచో ప్రతి బొట్టును ఒక తెల్లని వలయమును వ్రాసి పోవును. బోరునీరు తప్ప వేఱుగతి లేనివారు కడిగిన వెంటనే, ఒక్క బొట్టును ఆఱనీయక, తుడిచివేయవలెను. కాలువనీరు ఇంతకంటె మెత్తన. గాని అందులో ఒండ్రు కలదు. ముందునాటి సాయంకాలమే తొట్టిలో పోసి తేరనిచ్చి, పైతేటను గుడ్డతో వడబోసి వాడవలెను. వాననీరు అన్నిటికంటె శ్రేష్ఠము. ఇదివఱకే పడిన తెల్లమచ్చలను పోగొట్టుటకు వెనిగరు ఒక పాలు, నీళ్లు ఒక పాలు కలిపి, మెత్తనిగుడ్డతో అద్ది, వెంటనే మంచినీళ్లతో కడిగివేయవలెను. నానబెట్టి మఱచిపోరాదు.

ఎంత నీరు కావలెను? రబ్బరు గొట్టము విడిచిపెట్టి కడుగువారు ఒకమాఱు 15 లీటర్ల బకెట్టును గొట్టము క్రింద పెట్టి, నిండుట కెంతసేపు పట్టునో గడియారము చూచి లెక్కపెట్టుడు. ఒక్క నిముషములో నిండినచో, అరగంటసేపు విడిచిన గొట్టము 450 లీటర్లు పాఱబోసినట్లు. బకెట్టులతో కడిగినచో అయిదు బకెట్లతో, అనగా 75 లీటర్లతో, కారు చక్కగా శుభ్రపడును. 2024 మార్చి నెలలో బెంగళూరు నగరమున నీటి కఱవు వచ్చినప్పుడు అచ్చటి నీటిసరఫరా మండలివారు త్రాగునీటితో వాహనములు కడుగుటను నిషేధించి, తప్పినవారికి 5000 రూపాయల జరిమానా విధించిరి. పల్లెలో జరిమానా వేయువారు లేరు; ఎండకాలమున బోరు గాలి కక్కినప్పుడు గాని మనకు తెలియదు.

సబ్బు విషయమున మనవారు రెండు తప్పులు చేయుచున్నారు. బట్టలుతుకు పొడిలో సోడా కలిసి యుండును. అది రంగు మీది మైనమును తీసివేసి, రబ్బరు అంచులను పెళుసుపఱచును. గిన్నెలు తోము ద్రావకము జిడ్డును తీయుటకే చేయబడినది. కారు మైనమును కూడ జిడ్డే యనుకొని తీసివేయును. కార్లకై యమ్ముచున్న షాంపూను, సీసామీద చెప్పిన కొలత చొప్పున, మూతతో కొలిచి వాడుట మేలు. రెండింతలు వేసినంతమాత్రమున రెండింతలు శుభ్రపడదు. కడిగిపోయుటకు మాత్రము రెండింతలు నీళ్లు కావలెను. కుంకుడుకాయల రసము వాడవచ్చునా యని మమ్ము కొందరడిగిరి. వాడవచ్చును. పట్టుబట్టలకు వాడు సౌమ్యమైన నురుగే యది. గాని గింజలను తీసివేసి, నానబెట్టి, పలుచని గుడ్డలో రెండుమాఱులు వడబోసి, పిప్పి రవంతయు లేకుండ చేసికొనవలెను, ఏనాటి రసము ఆనాడే వాడవలెను, నిలువయుంచినచో పులియును. సీకాయపొడి, బూడిద, ఇటుకపొడి, కొబ్బరిపీచు, బీరపీచు - ఇవి వంటయింటి గిన్నెలకు చెల్లును గాని కారు దరికి రానీయరాదు. డీజిలుతో తుడిచినచో మెఱయునని తుడుచువారును కలరు. ఆ మెఱుపు ఒక పూట యుండును, ఆ జిడ్డు దారిలోని దుమ్మునంతయు పిలిచి కూర్చుండబెట్టును, రబ్బరును ఉబ్బించును.

బకెట్టులు మూడు కావలెను. ఒకదానిలో సబ్బునీరు, ఒకదానిలో వట్టినీరు, మూడవది చక్రములకు ప్రత్యేకము. ముందుగా వట్టినీళ్లు కారంతయు తడియునట్లు పోసి, అయిదు నిముషములు నాననిచ్చి, మఱల పోయవలెను. చేయి తగులకుండ పోవు మట్టి యంతయు ఇట్లే పోవలెను. తరువాత చక్రములను వాని బకెట్టుతోను, వాని బ్రష్షుతోను కడిగి, ఆ సామాను దూరముగా పెట్టవలెను. బ్రేకుల నుండి రాలిన ఇనుపరజను అందులో నుండును. ఆ పిమ్మట పైకప్పు మొదలుకొని క్రిందికి దిగుచు, సబ్బునీటిలో ముంచిన మెత్తని గుడ్డతో, గుండ్రముగా త్రిప్పక, నాగటి చాలువలె నిడుపుగా తుడువవలెను. ఒక తలుపు కాగానే గుడ్డను వట్టినీటి బకెట్టులో జాడించి, పిండి, అప్పుడే మఱల సబ్బునీటిలో ముంచవలెను. ఇదియే రెండు బకెట్టుల రహస్యము: తీసిన ఇసుక వట్టినీటి యడుగున దిగును, సబ్బునీరు శుభ్రముగా నుండును. ఆ యడుగునకు ఒక పాత జల్లెడ బోర్లించి పెట్టినచో దిగిన ఇసుక గుడ్డకు మఱల తగులదు. తలుపుల క్రిందిభాగము ఎప్పుడును కడపటనే.

సబ్బు ఆఱకమునుపే కడిగిపోసి, పెద్ద తువ్వాలును పఱచి అద్దుచు తడి తీయవలెను. తలుపుల అడుగు అంచున నీరు కారిపోవుటకు సన్నని రంధ్రము లుండును. దుమ్ముతో అవి మూసికొనిపోయినచో వాననీరు తలుపులోనే నిలిచి లోపలినుండి తుప్పు పట్టించును. కడిగిన ప్రతిమాఱును ఒక చీపురుపుల్లతో వానిని తెఱచి చూడవలెను. చక్రముల పైగూడులందు చిక్కిన బురద కూడ నిట్టిదే. తడిగోనె కట్టినట్లు రేకును ఎప్పుడును తడిగా నుంచును. ఇంటనుండి కదలిన పిమ్మట మెల్లగా పోవుచు రెండు మూడు మాఱులు బ్రేకు నొక్కి చూచుకొనవలెను. తడిసిన బ్రేకు మొదట సరిగా పట్టదు.

పట్టణమువారి కార్లకు లేనట్టియు మన కార్లకు కలిగినట్టియు కొన్ని చిక్కులు కలవు. మొదటిది ఎరువు. సంఘపు గోదామునుండి రెండు బస్తాలే కదాయని కారు వెనుక అరలో వేసికొని పోవుదురు. పొటాషు ఎరువు, అనగా మ్యూరియేటు ఆఫ్ పొటాష్, ఒకవిధమైన ఉప్పే. రేకును తినుటలో సముద్రపు టుప్పునకు తీసిపోదు. యూరియా గాలిలోని తేమను పీల్చుకొని తడియగును. బస్తా క్రింద తార్పాలిను పఱువక తేరాదు. రాలినచో నీళ్లు పోయుటకు తొందరపడక, ముందు పొడిగా ఊడ్చి ఎత్తివేసి, ఆ పిమ్మట తడిగుడ్డతో రెండుమాఱులు తుడిచి, అర తెఱచి ఆఱనీయవలెను. ముందే నీళ్లు పోసినచో కరగిన ఉప్పు అతుకుల సందులలోనికి పోయి కూర్చుండును. రెండవది ఉప్పుగాలి. సముద్రతీరపు గ్రామములవారును, రొయ్యల చెఱువుగట్ల మీద తిరుగువారును పైభాగము కంటె అడుగుభాగమును మంచినీటితో తఱచుగా కడుగుట మేలు. 

మూడవది పండుగ. దసరా ఆయుధపూజనాడు కారును ట్రాక్టరును కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, బంతిపూల దండలు కట్టి, నిమ్మకాయలు త్రొక్కించి నడపుదురు. ఆచారమును మేము తప్పుపట్టము. కష్టపడు పనిముట్టునకు ఒకనాడు మర్యాద చేయుట మంచిదే. అయితే ఆ మర్యాద బండిమీద వారము దినములు మిగులుచున్నది. పసుపు పూతలోని కింకును. తడి బంతిదండ బానెట్టు మీదనే వాడి మఱక కట్టును. దండ కట్టిన దారము గాలికి కదలుచు ఆకురాయివలె గీయును. బొట్టును రంగురేకు మీదకంటె అద్దము మీదనో నంబరు పలక అంచునో పెట్టి, మఱునాడు ప్రొద్దుటనే దండలు విప్పి కడిగివేయవలెను. అన్నట్లు, దిష్టి తీసి కొట్టిన గుమ్మడికాయ ముక్కలను బాటనుండి ఎత్తివేయుట కూడ ఆ యింటివారి పనియే. వెనుక వచ్చు మోటారుసైకిలువాడు జాఱిపడును.

ట్రాక్టరునకు రంగు గీతల బెడద తక్కువ. మఱియొక బెడద కలదు. దమ్ము చేసిన బురద ముందు ఇరుసు చుట్టును, రేడియేటరు ఱెక్కల సందులందును ఎండి పెచ్చు కట్టును. ఇంజను చల్లబడిన పిమ్మటనే నీరు పోయవలెను. గాలివడబోత మూతిని, డైనమోను ప్లాస్టిక్కు సంచితో కప్పి కడుగవలెను. రేడియేటరులో చిక్కిన గడ్డినుసిని ముందునుండి కొట్టినచో లోపలికి పోవును; పంఖా వైపునుండి వెలుపలికి కొట్టవలెను. కడిగిన పిమ్మట గ్రీజు ఎక్కింపక విడిచిన ట్రాక్టరు కడుగనిదానికంటె అన్యాయము. నీరు గ్రీజును త్రోసివేసి బేరింగులలో నిలుచును. నీటిని వేగముగా చిమ్ము యంత్రమును ఒక్కొక్కరు కొనుటకంటె పదిమంది సభ్యులు కలిసి యొకటి కొని వంతులవారీగా వాడుకొనుట లాభము. దాని మూతిని రేకునకు మూరెడు దూరమునకు దగ్గఱ చేయరాదు. టైరు ప్రక్కలకు, రబ్బరు సీళ్లకు, రేడియేటరు ఱెక్కలకు సూటిగా పట్టరాదు. వాడిన పిమ్మట దాని నీటి జల్లెడను విప్పి కడుగుట ఎవరి వంతో ముందే వ్రాసికొనుడు. పదిమంది వస్తువు ఆ జల్లెడ దగ్గఱనే పాడగుచున్నది.

ఇప్పుడు మనవారు బొత్తిగా తలంపని భాగమునకు వచ్చుచున్నాము. కారు కడిగినవాడు గుడ్డను పిండి గోడమీద పడవేసి పోవును. ఆ గుడ్డలో కారునుండి వచ్చిన ఇసుక యంతయు నున్నది. అది ఎండి గట్టిపడి, వచ్చు ఆదివారమునాడు కారు మీదికే తిరిగి వచ్చును. మేము చదివిన మిషను పాఠశాలలో బల్లలు తుడిచిన గుడ్డను ఉతికి తీగమీద వేసినగాని భోజనపు గంట వినుటకు వీలులేదు. అప్పుడది మాకు శిక్షగా తోచెడిది. గుడ్డను శుభ్రపఱచుట తుడుచుపనిలో భాగమే యని ఇప్పుడు ఎవరికైనను చెప్పగలము.

మైక్రోఫైబరు గుడ్డలని అంగళ్లలో అమ్ముచున్నవి పాలియెస్టరు, పాలిఅమైడు అను నారలను వెండ్రుకకంటె మిక్కిలి సన్నముగా చీల్చి నేసినవి. ఆ చీలికల సందులలోనికి దుమ్మును నీటిని లాగుకొనుటయే వాని గుణము. ఆ సందులు పూడినచో అది మామూలు గుడ్డకంటె తీసికట్టు. కాబట్టి వానిని నూలుబట్టలతో కలిపి ఉతుకరాదు. నూలు నుసి యంతయు వానిలో చిక్కును. బట్టలు మెత్తబడుటకు వేయు పరిమళ ద్రావకమును వేయరాదు. అది నారలకు పూతవలె పట్టి నీరు పీల్చనీయదు. సలసల కాగు నీటిలో వేయరాదు, ఇస్త్రీ చేయరాదు. గోరువెచ్చని నీటిలో కొంచెము సబ్బుద్రావకముతో ఉతికి, నురుగు పోవువఱకు జాడించి, తీగమీద నీడను ఆఱవేయవలెను. కంచెమీద ఆఱవేయరాదు, ఒక్క తుమ్మముల్లు విఱిగి చిక్కినచో కారు పొడుగునను చాలు తీయును. కడుగునప్పుడు నేలబడిన గుడ్డను దులిపి మఱల వాడుట మిక్కిలి సామాన్యమైన తప్పు. పడినదానిని ప్రక్కన పెట్టి వేఱొకటి తీసికొనవలెను. అందుకే నాలుగు గుడ్డ లుండవలెను. తోలుగుడ్డ వాడువారు దానిని నీడను ఆఱవేయవలెను. ఎండలో వేసినచో అట్టవలె బిగియును, అట్టిదానిని నానబెట్టి మెత్తపఱచినగాని వాడరాదు. స్పంజియందు దిగిన ఇసుక తేలికగా రాదు. దానిని అద్దములకును చక్రములకును విడిచి, రంగురేకునకు వాడకుండుటయే మంచిది. బ్రష్షును కుచ్చు క్రిందికి వచ్చునట్లు వ్రేలాడదీయవలెను. నిలువబెట్టినచో నీరు కఱ్ఱలోనికి దిగి కుచ్చు ఊడును. బకెట్టులను కడిగి బోర్లించవలెను, లేనియెడల దోమలు గ్రుడ్లు పెట్టును. షాంపూ సీసాను మూత బిగించి, చల్లని చోట, పిల్లల చేతి కందని యెత్తున ఉంచవలెను. పానకపు సీసాలలోను శీతలపానీయపు సీసాలలోను పోసి యుంచుట ఎన్నటికిని కూడదు. మరుగుదొడ్డి కడుగు ఆమ్లముతో చక్రములను తోమువారు కలరు. అది చక్రపు లోహమును తినును. బ్లీచింగు పొడి తగిలిన బకెట్టులోనే దానిని పోసినచో క్లోరిను అను విషవాయువు పుట్టును. ఆ ప్రయోగము ఎవరును చేయరాదు.

ఈ వ్యాసమును వ్రాయుటకు మమ్ము పురికొల్పినది ముఖ్యముగా ఈ క్రింది విషయము. రైతు ఇంటిలో కారు కడుగు బకెట్టును, మందు కలుపు బకెట్టును ఒక్కటియే యగుట మేము పలుచోట్ల చూచియున్నాము. ప్రొద్దుట అందులో ప్రత్తికి మందు కలిపిరి. ఒకమాఱు జాడించి సాయంకాలము కారు కడిగిరి. రాత్రి దానితోనే దూడకు కుడితి పెట్టిరి. స్ప్రేయరు తుడిచిన గుడ్డ కారు గుడ్డ తగిలించు మేకునకే తగులును. ఆ గుడ్డతో స్టీరింగును, సీట్లను తుడుతురు. తల్లి ఒడిలోని బిడ్డ ఆ సీటునకు చేయి ఆనించి, ఆ చేతిని నోట పెట్టుకొనును. పురుగుమందులలో పెక్కు నోటి ద్వారముననే గాక చర్మము గుండను లోనికి పోవును. మందు చల్లి వచ్చిన బట్టలతోనే కారెక్కి కూర్చుండుటయు ఇటువంటిదే.

మందు డబ్బా ఎంత కడిగినను మందు డబ్బాయే. 2013 జూలైలో బీహారు రాష్ట్రము, సారణ్ జిల్లాలోని యొక పల్లె పాఠశాలలో మధ్యాహ్న భోజనము తిని 23 మంది పిల్లలు మరణించిరి. వంటనూనెలో మోనోక్రోటోఫాసు అను పురుగుమందు ఉన్నట్లు పరీక్షలో తేలెను. ఆ నూనె మందు డబ్బాలో నుంచబడినదని చెప్పబడెను. కారు కడుగుటకు ఖాళీ మందు డబ్బాను కోసి తొట్టిగా చేసికొనువారు, ఆ తొట్టి రేపు ఎవరి చేతికి పోయి దేనికి వాడబడునో చెప్పలేరు. 1971 నాటి క్రిమినాశక నియమములలో వాడిన మందు డబ్బాలను పగులగొట్టి, నివాసములకు దూరముగా పాతిపెట్టవలెనని కలదు. అట్లే చేయవలెను.

దీనికి ఖర్చులేని యుపాయ మొకటి మేము చెప్పుచు వచ్చుచున్నాము. మందు కలుపు బకెట్టునకు ఎఱ్ఱరంగు పట్టీ వేయుడు. కారు బకెట్టులకు తెల్లరంగు పట్టీ వేయుడు. చదువు రానివారును, కూలికి వచ్చినవారును అడుగనక్కరలేక గుర్తింతురు. మందు సీసాల మీది చౌకపు గుర్తులలో ఎఱుపు అత్యంత విషమునకు చిహ్నమని మీ రెఱుగుదురు. పసుపు, నీలము, ఆకుపచ్చ వరుసగా తగ్గు విషములు, గాని నాలుగును విషములే. ఎఱ్ఱపట్టీ సామానుకు పశువుల కొట్టము వెలుపల, తాళము వేయు వేఱు గూడు ఉండవలెను. తెల్లపట్టీ సామానును ఇంటిప్రక్క వరండాలో ఉంచవచ్చును. కలుపుమందు వాడు బకెట్టు విషయమున మఱింత జాగ్రత్త. 2,4-డి అను మందు అంటిన బకెట్టుతో కారు కడిగి ఆ నీటిని పెరటిలోని టమాటా మడికి పాఱించినచో ఆకులు మెలివడిపోవును; ప్రత్తికి అంతకంటెను పడదు. తెగులేమోయని మాకు ఆకులు తెచ్చి చూపువారిని, మేము మొదట అడుగు ప్రశ్న బకెట్టు గుఱించియే.

కడిగిన మురికినీరు ఎక్కడికి పోవునో కూడ చూచుకొనవలెను. అందులో నూనెయు, సబ్బును, బ్రేకుల రజనును ఉండును. చెరువులోనికి దింపి కడుగుట మానవలెను. ఆ నీటినే పశువులు త్రాగుచున్నవి. సబ్బునీరు చేపల మొప్పలను చెఱచును. కూరగాయల మడికిని, బావి గట్టునకును ఆ నీటిని రానీయక, దొడ్డిచివర గడ్డి మొలచిన నేలమీదికో, కానుగచెట్టు మొదటికో కాలువ తీయవలెను. ఇంజను నూనె తుడిచిన గుడ్డలను కుప్పగా వేసి గడ్డివాము ప్రక్కన ఉంచరాదు. పెట్రోలు తగిలిన గుడ్డ నుండి లేచు ఆవిరికి బీడీ నిప్పు చాలును. కఱ్ఱసామానుకు పూయు అవిసెనూనె తడిసిన గుడ్డల కుప్ప నిప్పు తగులకయే తనంత తాను వేడెక్కి అంటుకొనగలదు. అటువంటి గుడ్డలను విడివిడిగా ఆరుబయట పఱచి ఆఱనీయవలెను.

గుడ్డలకును వయసు కలదు. క్రొత్త గుడ్డలను పైకప్పు, బానెట్టు, తలుపుల పైభాగములకు వాడవలెను. కుచ్చు అణగిన పిమ్మట తలుపుల క్రిందికిని లోపలి సీట్లకును దింపవలెను. ఇంకను అరిగినచో చక్రములకు, ఆ పిమ్మట ట్రాక్టరు ఇంజనుకు. ఒక మూలను కత్తిరించినది చక్రపు గుడ్డయనియు, రెండు మూలలు కత్తిరించినది ఇంజను గుడ్డయనియు గుర్తు పెట్టుకొనినచో ఇంటిలోని వారందఱికిని తెలియును. ఒకమాఱు మూల కత్తిరింపబడిన గుడ్డను ఎంత తెల్లగా ఉతికినను మఱల బానెట్టు మీదికి తీసికొనిపోరాదు.